వృథాగా పోయే నీళ్లు ఎవరివి?

జూలై నెల వచ్చిందంటే మా అనంతపురంలో పలకరింపు మారిపోతుంది. "బాగుండావా?" అన్న మాట వెనక్కి పోయి, "డ్యాం ఎంత వచ్చింది?" అన్నది ముందుకొస్తుంది. టవర్ క్లాక్ దగ్గర టీ అంగట్లో గానీ, కూరగాయల మార్కెట్లో గానీ, ఏ డ్యాం అని ఎవరూ అడగరు. మాకు డ్యాం అంటే ఒకటే, హోస్పేటలో ఉన్న తుంగభద్ర. "పదహారొందల ఇరవై ఆరు అడుగులంట." "ఇంకో ఏడడుగులొస్తే నిండినట్టే లే." నిండు మట్టం 1,633 అడుగులన్నది మా వైపు బడిపిల్లలకూ తెలిసిన లెక్క. వేరే ఊళ్లలో క్రికెట్ స్కోరు అడిగినట్టు మేము డ్యాం మట్టం అడుగుతాం.

అడగక ఏం చేస్తాం? ఏడాది మొత్తమ్మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు మాది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మాదీ ఒకటని వింటూ పెరిగినవాళ్లం. తుంగభద్ర ఎగువ కాలువ, అంటే మా నోట్లో హెచ్చెల్సీ, డ్యాం దగ్గర పుట్టి, వందకు పైగా కిలోమీటర్లు కర్ణాటకలో నడిచి, బొమ్మనహాళ్ దగ్గర మా జిల్లాలో అడుగు పెడుతుంది. కణేకల్లు చెరువును పలకరించి, పెన్నహోబిలం రిజర్వాయరుకు, మిడ్ పెన్నారుకు చేరుతుంది. పెన్నహోబిలం నుంచి అనంతపురం కొళాయిలకు నీళ్లు. కొళాయి వచ్చే రోజు కోసం బిందెలు వరసబెట్టి కూర్చున్న తరం మాది.

అందుకే డ్యాం నిండి గేట్లెత్తిన రోజు మాకు ఒక కంట సంతోషం, ఇంకో కంట బాధ. టీవీలో తెల్లగా దూకే నీళ్లను చూస్తూ ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే. "అయ్యో, ఎన్ని నీళ్లు వృథాగా పోతాండాయి!"

ఆ మాట నేనూ అన్నాను. ఒకసారి కాదు, వందసార్లు. ఒక చుక్క కూడా కిందికి పోకుండా పట్టుకోవాలని ఇదే శీర్షికలో ఆవేశంగా రాశాను కూడా. ఈ వారం ఆ మాటను కొంచెం వెనక్కి తీసుకుందామని కూర్చున్నాను. అందుకు కారణం ఒక జంతువు. మే నెల చివరి బుధవారం దాని పేరు మీద ప్రపంచ దినం ఒకటి ఉందని కూడా నాకు ఈమధ్యే తెలిసింది. దాని పేరు నీటికుక్క.

*

మా తమ్ముడు సింగపూర్‌లో ఉద్యోగం. పోయిన డిసెంబర్లో పిల్లకు బడి సెలవులిస్తే అందరూ ఊరికొచ్చారు. పిల్లకు పదేళ్లు. హంపి చూపిద్దామని గుంతకల్లు, బళ్లారి మీదుగా కారులో పోయాం. మొదటి రోజు విరూపాక్షుడి గుడి, రాతిరథం, ఏనుగుల సాలలు అన్నీ చూశాం. రెండో రోజు తెల్లారకముందే నది ఒడ్డుకు పోయాం. పుట్టిలో తిప్పే ఒకాయనతో ముందురోజే మాట్లాడి పెట్టాడు తమ్ముడు.

మంచు ఇంకా విడవలేదు. పుట్టి రెండు బండల మధ్య నుంచి మెల్లగా పోతోంది. ఆయన తెడ్డు ఆపి, నోటి మీద వేలు పెట్టి, ముందుకు చూపించాడు. నీళ్లలో గోధుమ రంగు తల ఒకటి లేచింది. పక్కనే ఇంకోటి. చదునుగా, గుండ్రంగా, మీసాలతో. లెక్కబెడితే ఆరు. ఒక్కొక్కటే బండ మీదికెక్కి ఒళ్లు దులుపుకున్నాయి. రెండు చిన్నవి ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి. పెద్దదొకటి చేపను ముందు కాళ్లతో పట్టుకుని, తల వైపు నుంచి కరకరా నమలడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు పుట్టి దాకా వినిపించింది.

"ముంగిసలా?" అన్నాను గుసగుసగా.

"కాదు సార్, నీరునాయి. మీ తెలుగులో నీటికుక్క అంటారే, అది."

కన్నడంలో నీరునాయి, తమిళంలో నీర్‌నాయ్, తెలుగులో నీటికుక్క. ముగ్గురం కూడబలుక్కున్నట్టు ఒకటే పేరు పెట్టాం. హిందీవాళ్లు ఊద్‌బిలావ్ అని పిల్లితో కలిపారు. నిజానికి అది కుక్కా కాదు, పిల్లీ కాదు. దాని జాతి దానిదే.

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, పిల్ల మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఇవి మా ఇంటి దగ్గర కూడా ఉంటాయి పెదనాన్నా. మా ఫ్లాట్స్ వెనకాల కాలవలో. స్కూలుకు పోయేటప్పుడు చూస్తాం" అంది.

జూలో చూసిందాన్ని చెబుతోందేమో అనుకున్నాను. తమ్ముడి వైపు చూస్తే, "నిజమే అన్నా. రోడ్డు కూడా దాటుతాయి. కార్లు ఆపి దారిస్తారు" అన్నాడు.

మేము నూటయాభై కిలోమీటర్లు పోయి, చీకట్లో లేచి, పుట్టి కట్టించుకుని చూసిన జంతువును ఆ పిల్ల బడికి పోతూ చూస్తోంది. మాది కరువు సీమ, వాళ్లది అడుగు ఖాళీ లేని మహానగరం. లెక్క ఎక్కడో తిరగబడింది. ఆ లెక్కే నన్ను ఈ నాలుగైదు నెలలుగా పట్టుకుంది.

*

మన దేశంలో నీటికుక్కలు మూడు రకాలు. మేము చూసింది నున్నటి బొచ్చుది. ఏడు నుంచి పదకొండు కిలోల బరువు ఉంటుంది. ముక్కు నుంచి తోక చివరి దాకా కొలిస్తే మూడడుగులు దాటుతుంది. తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. కాలివేళ్ల మధ్య బాతుకున్నట్టు పొర ఉంటుంది. ఒంటరిగా బతకదు. అమ్మానాన్నా, ఎదిగిన పిల్లలు, పసికూనలు అంతా కలిసి ఉమ్మడి కుటుంబం. కలిసే వేటాడతాయి, చేపల్ని చుట్టుముట్టి ఒక మూలకు తోలతాయి. బంగ్లాదేశ్‌లో నరైల్ ప్రాంతపు జాలర్లు ఈ గుణం చూసే వీటిని మచ్చిక చేసుకుని, తరతరాలుగా వల్లోకి చేపల్ని తోలించుకున్నారు.

ఇంకో వింత అలవాటు ఉంది. కుటుంబమంతా ఒకే చోట మలవిసర్జన చేస్తాయి. ఏ బండ మీదో, ఇసుకతిన్నె మీదో చేప పొలుసులతో నిండిన ఆ గుర్తులే వాటి సరిహద్దు రాళ్లు. పరిశోధకులు నీటికుక్కను వెతకరు, ముందు దీన్ని వెతుకుతారు. ఇది కనిపిస్తే అవి ఉన్నట్టు.

ఒక్కోదానికి రోజుకు దాదాపు కిలో చేప కావాలి. అంటే ఏడాది పొడవునా చేప బతికే నీళ్లు ఉండాలి. పిల్లల్ని పెట్టుకోవడానికి ఒడ్డున బండసందో, చెట్టువేళ్ల కింద బొరియో ఉండాలి. ఒళ్లు ఆరబెట్టుకోవడానికి ఇసుకతిన్నె, దాక్కోవడానికి జమ్ము, తుంగ ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి పోయినా అది అక్కడ ఉండదు. మనమేమో ఇసుక తోడుతున్నాం, ఒడ్డు చదును చేస్తున్నాం, తూటాలు పేల్చి చేపలు పడుతున్నాం, ఊరి మురుగు వదులుతున్నాం. ఇవి చాలవన్నట్టు చర్మం కోసం వేట ఒకటి. ఐయూసీఎన్ దీన్ని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో పెట్టింది. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశం దీంతో అంతర్జాతీయ వ్యాపారమే చేయకూడదని తీర్మానించింది.

తుంగభద్ర మీద మాత్రం ఒక మంచి పని జరిగింది. డ్యాంకు దిగువన ముద్లాపుర నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల నదిని కర్ణాటక ప్రభుత్వం 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. ప్రత్యేకంగా నీటికుక్క కోసమే ఇలా ప్రకటించడం దేశంలో అదే మొదలు. అభయారణ్యం వేరు, ఇది వేరు. అక్కడి మనుషుల్ని ఖాళీ చేయించరు. చేపలు పట్టుకునేవాళ్లు, పుట్టి నడిపేవాళ్లు, సాగు చేసేవాళ్లు అంతా ఉంటారు. వాళ్లతో కలిసే జంతువును కాపాడాలన్నది ఆలోచన.

అదేమీ కీకారణ్యం కాదు మరి. పైన డ్యాం. పక్కన హోస్పేట పట్టణం. కాస్త అవతల ఇనుప ఖనిజం, ఉక్కు ఫ్యాక్టరీలు. నడుమ ఏడాదంతా యాత్రికులతో కిటకిటలాడే హంపి. రెండు ఒడ్డులా వరిమళ్లు, అరటితోటలు. నది అవతల విరూపాపుర గడ్డలో హోటళ్లు, రిసార్టులు ఎంతగా పెరిగాయంటే, హంపి వారసత్వ సంపదను కాపాడటానికి 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని తీసేయమనాల్సి వచ్చింది. ఇంత సందడి మధ్యలో ఆ ఆరు ప్రాణులు బండ మీద ఎండ కాచుకుంటున్నాయి.

పుట్టి ఆయన్ను అడిగాను, వీటి వల్ల మీకేమైనా లాభమా అని. ఆయన దాచుకోలేదు. "చూసేదానికి మీలాంటోళ్లు వస్తే నాలుగు రూపాయలొస్తాయి సార్. కానీ మా అన్న వలేస్తాడు. ఇవి వల చింపుతాయి. పడిన చేపల తలలు కొరికి పోతాయి. ఆ నష్టం ఎవరిస్తారు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. నీటికుక్కను కాపాడాలనుకునేవాళ్ల దగ్గర ఉండాల్సిన మొదటి సమాధానం మాత్రం అదే. వల చిరిగిన ఇంటికి కొత్త వల ఇవ్వడానికి అయ్యే ఖర్చు, ఒక జీవి మిగలడానికి మనం చెల్లించగలిగిన అతి చిన్న మొత్తం.

*

ఇక ఆ 'వృథా' మాట దగ్గరికి వస్తాను.

2024 ఆగస్టు మీకు గుర్తుండే ఉంటుంది. 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. మా ఊరికి ఊరే నిద్రపోలేదు. డ్యాం మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లూ ఎత్తి లక్ష క్యూసెక్కుల దాకా వదిలారు. పారే నీళ్లలోనే అడ్డుపలకలు దించి, వారంలో ఆ గండిని మూయించిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారిని మా వాళ్లు దేవుణ్ని చూసినట్టు చూశారు. ఆ వారమంతా నేను కూడా టీవీ ముందే. పోయిన ప్రతి టీఎంసీకీ గుండె కలుక్కుమంది. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు మరి.

కానీ ఒక్కటంటే ఒక్కసారి కూడా, ఈ నీళ్లు పడుతున్నది ఎక్కడ అన్న ఆలోచన నాకు రాలేదు. అవి పడింది నేరుగా ఆ 34 కిలోమీటర్ల నదిలో. అది దాటి మంత్రాలయం మీదుగా, సుంకేసుల దగ్గర కర్నూలు పట్టణం తాగే నీళ్లలో. మాకు వృథా అయిన నీళ్లు కర్నూలుకు కొళాయి నీళ్లు.

ఇలా ఆలోచించకపోవడం మా తప్పని కూడా అనలేను. మా సంస్కృతి అంతా నీళ్లను ఆపడం చుట్టూ అల్లుకున్నది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరి కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ మా ఇంటి దేవత. కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణం' కావ్యం రాసింది ఆమె మీదే. నీళ్లు ఆపినవాళ్లు దేవుళ్లు, నీళ్లు పోవడం అరిష్టం. ఇంత కరువు చూసినవాళ్లకు వేరేగా ఎలా అనిపిస్తుంది?

చెరువుకు సరిపోయే ఆ న్యాయం నదికి సరిపోదు. చెరువు ఆపితే బతుకుతుంది, నది కదిలితే బతుకుతుంది. వానాకాలంలో వరద వద్దన్నా వస్తుంది కాబట్టి నీటికుక్కకు అప్పుడు కరువు లేదు. దానికి గండం ఈ ఎండాకాలమే. డ్యాంలో ఉన్నదంతా కాలవలకు, తాగునీళ్లకు లెక్కగట్టి పంచుకున్నాక, దిగువ నది బండల మధ్య మడుగులుగా విడిపోతుంది. మడుగుల్లో చేప చిక్కుకుంటుంది. అక్కడే మోటార్లు పెడతారు, అక్కడే తూటాలు వేస్తారు, హోస్పేట మురుగు కూడా ఆ కొద్ది నీళ్లలోనే చిక్కబడుతుంది. నీటికుక్క కుటుంబం ఆ మడుగును నమ్ముకుని వానల దాకా బతకాలి.

మరి మాకు తాగడానికే లేనప్పుడు నీటికుక్కకు ఎక్కడి నుంచి ఇస్తామని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కొంచెం లెక్క చూద్దాం.

1953లో కట్టినప్పుడు తుంగభద్ర డ్యాం నిల్వ 133 టీఎంసీలు. పూడిక చేరి ఇప్పుడు మిగిలింది దాదాపు 105. అంటే మట్టి మింగింది 28 టీఎంసీలు. హెచ్చెల్సీలో మన రాష్ట్రానికి కేటాయించిన మొత్తం వాటా 32.5 టీఎంసీలు. మా నీళ్లు తాగిన దొంగ నీటికుక్క కాదు, మట్టి. పై కొండల్లో చెట్లు కొట్టి, గనులు తవ్వి, నేల వదులు చేసింది ఎవరో చెప్పనక్కర్లేదు.

రెండో లెక్క వరి. ఒక వరి పంటకు దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. మాకు ఆకాశం ఏడాదికి ఇచ్చేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. డ్యాం కట్టిన కొత్తల్లో కోస్తా నుంచి వలసపోయిన మన తెలుగు రైతులు గంగావతి, సింధనూరు, సిరుగుప్ప వైపు క్యాంపులు వేసుకుని, బీడును వరిమడి చేశారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. మా ఇంట్లో ఉడికే సోనా మసూరి కూడా ఆ బళ్లారి సీమదే. అన్నం తింటూ రైతును తిట్టడం అన్యాయం. కానీ ఆరుతడి పంటకు మళ్లిన రైతుకు వరితో సమానంగా ధర దక్కేలా చూస్తే మిగిలే నీళ్ల ముందు, నీటికుక్కకు ఎండాకాలం కావలసినవి పిల్లకాలవంత. వేరుశనగకు, తోటలకు డ్రిప్పు వేసి చుక్కచుక్కా లెక్కబెట్టడం అనంతపురం రైతు ఎప్పుడో నేర్చుకున్నాడు. ఆ విద్యను ఆయకట్టుకు మేమే నేర్పొచ్చు.

కాబట్టి నేను అడిగేది ఇంతే. ప్రతి ఏడాదీ నీళ్ల పంపకాల సమావేశంలో కర్ణాటక వాటా, ఆంధ్ర వాటా, తెలంగాణ వాటా అని పంచుతారు. ఆ పక్కనే ఇంకో గీత గీసి, మార్చి నుంచి జూన్ దాకా నదికి కనీస ప్రవాహం ఇంత అని రాయండి. సంరక్షణ ప్రాంతమని బోర్డు పెట్టి, నీళ్లు మాత్రం ఇవ్వకపోతే, ఇల్లు రాసిచ్చి అన్నం పెట్టనట్టు ఉంటుంది.

*

హంపి నుంచి తిరిగొచ్చిన మర్నాడు పిల్లను స్కూటర్ మీద ఊళ్లోకి తీసుకెళ్లాను. నడిమివంక వంతెన మీద బండి ఆగింది. కింద నల్లటి నీళ్లు, ప్లాస్టిక్ కవర్లు, పందులు. "ఇది డ్రైనేజా పెదనాన్నా?" అంది. కాదు, వంక, అంటే చిన్న ఏరు అన్నాను. "మరి ఇందులో నీటికుక్కలు ఎందుకు లేవు?" అంది. వెనకాల హారన్లు మోగాయి. బతికిపోయాను.

ఇంటికొచ్చాక తమ్ముణ్ని కూర్చోబెట్టి సింగపూర్ కథ అడిగాను, తర్వాత చదివాను. అక్కడ కూడా నీటికుక్కలు ఒకప్పుడు మాయమైపోయాయి. నదులు మురుగుకాలవలైపోతే 1977లో లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టి శుభ్రం చేయించాడు. నీళ్లు బాగుపడ్డాక, 1998 ప్రాంతంలో ఒక జంట నీటికుక్కలు వాటంతట అవే వచ్చాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు. బిషాన్ దగ్గర తిన్నగా సిమెంటు గోడల మధ్య పారే కాలువను, గోడలు పగలగొట్టి, 2012 నాటికి మళ్లీ గడ్డి, రాళ్లు, వంకరలున్న ఏరుగా మార్చారు. రెండేళ్లకల్లా ఒక కుటుంబం అందులో కాపురం పెట్టింది. 2021 నాటికి ఆ నగరంలో 150కి పైగా ఉన్నాయి.

అంతా సుఖాంతమేం కాదు. ఇళ్లల్లో వేలకు వేలు పెట్టి పెంచుకున్న కోయి చేపల్ని తినేశాయి. 2021 నవంబర్లో బొటానిక్ గార్డెన్స్‌లో ఒకాయన్ను గుంపుగా కరిచాయి. వాటిని తీసేయండని అరిచినవాళ్లు అక్కడా ఉన్నారు. ప్రభుత్వ శాఖలు, జంతుప్రేమికులు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డారు. కొలనుల చుట్టూ కంచె వేయించడం, దగ్గరికి పోవద్దని, తిండి పెట్టొద్దని జనానికి చెప్పడం, గాయపడినవాటికి వైద్యం చేయించడం వాళ్ల పని. నగరంలో అడవి జంతువు ఉండటమంటే ఏటేటా కుదుర్చుకోవాల్సిన రాజీ అన్నమాట.

సింగపూర్‌కు మాకు దాదాపు నాలుగింతల వాన. డబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు. నడిమివంకలో నీటికుక్క వస్తుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. రాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు మురుగు తప్ప నీళ్లుండని వంక అది. మన రాష్ట్రంలో పట్టణం పక్కన నీటికుక్కలు చూడాలంటే కాకినాడ పోవాలి. ఒకవైపు ఓడరేవు, ఎరువుల ఫ్యాక్టరీలు ఉన్నా, కోరింగ మడ అడవుల్లో అవి ఇంకా ఉన్నాయి.

కానీ నీటికుక్కకు కావలసినవి ఏమిటో ఒకసారి మళ్లీ చూడండి. మురుగు కలవని నీళ్లు, మట్టి ఒడ్డు, ఒడ్డున గడ్డి, ఏరు పొంగితే పరుచుకునేందుకు చోటు. 2022 అక్టోబర్లో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు మాకు లేకపోయినవి సరిగ్గా ఇవే. కరువు జిల్లా కేంద్రంలో జనాన్ని పడవల్లో తీసుకురావాల్సి వచ్చిన రోజులవి. వంకను ఇరుకు చేసి ఇళ్లు కట్టాం, చెత్తతో పూడ్చాం, అది తన చోటు తాను వెతుక్కుంది. ఆ తర్వాత నాకు ఎక్కువ వినిపించిన మాట, రెండు పక్కలా గోడ కట్టాలని. ఇళ్లు ఆనుకుని ఉన్న చోట గోడ కట్టండి, కాదనను. ఊరి బయట, ఇంకా చోటున్న దగ్గరన్నా వంకను వంకగా ఉండనీయండి. నీటికుక్క రాకపోతే పోయె, లకుముకి పిట్ట వస్తుంది. బోరులో నీళ్లు పైకొస్తాయి.

మా వాళ్లకు ఇది చేతకాదని అనుకోను. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల్ని ఆ ఊరివాళ్లు ఆడపడుచులు పుట్టింటికొచ్చినట్టు చూసుకుంటారు. సైబీరియా పక్షులని మురిపెంగా పిలుచుకుంటారు గానీ, అవి మన దేశపు కొంగలే. ఇళ్ల నడుమే గూళ్లు, కింద ముగ్గుల మీద రెట్టలు. ఎవరూ రాయి విసరరు. వాళ్లను కూడా బాధపెట్టేది ఒకటే, చెరువు ఎండిన ఏడాది. ప్రేమ ఎంతున్నా, నీళ్లు లేకపోతే చేప ఉండదు, చేప లేకపోతే పిట్ట నిలవదు.

*

పోయిన ఆదివారం సింగపూర్ నుంచి ఫోనొచ్చింది. ఎండల గురించి, మామిడిపండ్ల గురించి మాట్లాడాక పిల్ల అడిగింది, "మనం చూసిన ఆ ఆరూ ఇప్పుడు ఎలా ఉన్నాయి పెదనాన్నా? నదిలో నీళ్లున్నాయా?"

కనుక్కుని చెబుతానన్నాను. పుట్టి ఆయన నంబరు తమ్ముడి దగ్గరుంది. ఫోన్ చేసి నేనెవరో గుర్తు చేశాను.

"నీళ్లు యాడివి సార్, పుట్టి తిప్పేదానికి లోతే లేదు" అన్నాడు. "మడుగులో మాత్రం ఉండాయి. మొన్న పొద్దున కూడా చూసినా."

"ఆరూ ఉన్నాయా?"

కాసేపు ఆగాడు. "నాలుగు కనిపించినాయి సార్. మిగతా రెండూ ఇంకో మడుగులో ఉంటాయిలే. వానలు రానీ, చూద్దాం."

ఇంకో నెలలో మా ఊళ్లో డ్యాం కబురు మొదలవుతుంది. టీ అంగట్లో ఎన్ని అడుగులని నేనూ అడుగుతాను, మానను. గేట్లెత్తిన రోజు మాత్రం టీవీ ముందు ఆ పాత మాట నోటి దాకా వస్తే మింగేద్దామనుకుంటున్నాను. ఆ రోజు మళ్లీ ఆయనకు ఫోన్ చేయాలి, మిగతా రెండూ కనిపించాయేమో అడగాలి.